అయిదు వందల ముళ్ళు

కొత్తగంగవరంలో మోటారు కాలిందంటే జనం ముందు అబ్బులు పేరు తలుచుకునేవారు, ఆ తరవాతే కరెంటువాళ్ళని తిట్టుకునేవారు. ఇరవై ఆరేళ్ళుగా వరస అదే. సంత రోడ్డులో ఎరువుల కొట్టు పక్కన రేకుల షెడ్డులో అతని వైండింగు షాపు. దానికి బోర్డు లేదు. ఒకప్పుడు ఉండేదిగానీ తుఫానుకి ఎగిరిపోయి ఎవరి దొడ్లోనో పడింది. వాళ్ళు దాన్ని దూడకి నీడగా కట్టుకున్నారని తెలిసి, పోనీలే అని అడగడం మానేశాడు. బోర్డు పోయినా గిరాకీ తగ్గలేదు కనక కొత్తది రాయించనూ లేదు.

అబ్బులు మాటకారి కాడు. మోటారు తెచ్చినవాడు ఎప్పుడు ఆగింది, ఎలా ఆగింది, ఆగేముందు ఎలా మూలిగింది అని వర్ణిస్తూ ఉండగానే ఇతను వంగి వాసన చూసి, "ఫేజు పోయినా నడిపేసేరండి. ఎల్లుండి రండి" అనేవాడు. అతని భార్య తాయారు రాగితీగ కాయిళ్ళు చుట్టేది. ఆవిడ చుట్లు లెక్కపెడుతున్నప్పుడు ఎవరూ పలకరించకూడదు. ఆ షాపులో ఉన్న నిబంధన అదొక్కటే.

ఇలా ఉండగా రాజధానిలో ఒక పెద్ద అధికారి ఏదో కొండమీద జరిగిన మూడు రోజుల సదస్సుకి వెళ్ళివచ్చాడు. వెళ్ళేటప్పుడు మామూలుగానే వెళ్ళాడట. వచ్చేటప్పుడు మాత్రం, స్వతంత్రంగా బతికే పనివాడికి కావలసింది పనిముట్లు కావనీ పరిచయాలనీ, ఆ పరిచయాలు కూడా వీధిలో కాక సోషల్ మీడియాలో ఉంటేనే పనికొస్తాయనీ తెలుసుకుని వచ్చాడు. ఆయన తెలుసుకున్నది నెల తిరక్కుండా జీవో అయింది. జీవోకి ఒక మండలి పుట్టింది. దాని పేరు స్వతంత్ర వృత్తిదారుల సంబంధాల మండలి. మండలికి ఒక యాప్ పుట్టింది. దాని పేరు 'అల్లిక'.

అల్లికలో ఒక పనివాడు ఇంకొకరితో పరిచయం కలుపుకుంటే దాన్ని 'ముడి' అంటారు. ఒకరు పెట్టిన పోస్టు ఇంకొకరికి నచ్చితే 'భేష్' నొక్కుతారు. తొంభై రోజుల్లో అయిదు వందల ముళ్ళు పడిన పనివాడికే వృత్తి కార్డు. కార్డు లేనివాడికి సర్కారు పని ఇవ్వరాదు, అతని షాపుకి కరెంటు ఇవ్వరాదు. జీవోలో చివరి వాక్యం ఇది: "సంబంధములు లేని నైపుణ్యము నైపుణ్యముగా పరిగణింపబడదు."

ఆ జీవో తాలూకు నోటీసు అందిన మర్నాడే అబ్బులు, తాయారు ఇద్దరూ జిల్లా కేంద్రానికి బస్సెక్కారు. అక్కడ జిల్లా వృత్తి సంబంధాల అధికారి పేరు నిరంజనరావు. ఆయన అంతకు ముందు చేనేత శాఖలో ఉండేవారు. యాప్ పేరు అల్లిక అని ఉండటం చూసి పైవాళ్ళు ఆయన్ని ఇక్కడికి డెప్యుటేషన్ మీద పంపారు. మనిషి చెడ్డవాడు కాదు. కాగితంలో ఉన్నదానికి భయపడతాడు, లేనిదానికి ఇంకా ఎక్కువ భయపడతాడు.

"మీ సంబంధాల స్థితి ఏమిటి?" అని అడిగారాయన.

"బాగానే ఉన్నాయండి. మొన్ననే మా తోడల్లుడింట్లో పెళ్ళికి కూడా ఎల్లొచ్చేం" అన్నాడు అబ్బులు.

"నేనడిగింది వృత్తి సంబంధాలు."

"ఆయ్, అవీ ఉన్నాయండి. ఊళ్ళో అందరూ నన్ను ఎరుగుదురు. సుట్టుపక్కల పదిహేను ఊళ్ళ రైతులు ఎరుగుదురండి."

"ఎరగడం వేరు, అనుసంధానింపబడటం వేరు." నిరంజనరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మిమ్మల్ని ఎవరెరుగుదురో మీకు తెలిస్తే చాలదు, వ్యవస్థకు తెలియాలి. వ్యవస్థ దృష్టిలో ఈ క్షణాన మీరు ఏకాకి."

అబ్బులు పక్కనున్న తాయారుకేసి చూశాడు. "మా ఆవిడండి. పనంతా ఇద్దరం కలిసే సేత్తాం. ఇది కూడా వృత్తి సంబంధమేనాండి?"

"ఆమె అల్లికలో ఉన్నారా?"

"లేదండి."

"అయితే మీ ఇద్దరి మధ్యా ఏ ముడీ లేదు."

తాయారు కొంగు భుజం మీదికి లాక్కుంది. "మూడు ముళ్ళు పడి ఇరవై నాలుగేళ్ళయిందండి. మా ఊరు ఊరంతా సూసేరు."

నిరంజనరావు జాలిగా నవ్వారు. "అవి పాత పద్ధతిలో వేసినవమ్మా. కొత్త వ్యవస్థలోకి బదిలీ కావు. పైగా మూడు. కావలసింది అయిదు వందలు."

ఊరికి తిరిగొచ్చి ఇద్దరూ నెట్ సెంటర్ నూకరత్నం దగ్గరికి వెళ్ళారు. నూకరత్నం అప్పటిదాకా పింఛను దరఖాస్తులూ హాల్ టికెట్లూ చూసుకునేది. జీవో వచ్చినప్పటినుంచి ఆవిడ గుమ్మంలో మంగళ్ళు, వడ్రంగులు, టైలర్లు, సున్నాలు వేసేవాళ్ళు వరసకట్టి నిలబడుతున్నారు. అబ్బులు వంతు వచ్చేసరికి మధ్యాహ్నం అయింది.

"ఏం చేశావో రెండు ముక్కల్లో చెప్పు బాబాయ్, పోస్టు పెడతాను" అంది ఆవిడ.

అబ్బులు ఆలోచించి చెప్పాడు. "మోటారు కాలింది. బాగుచేశాను."

నూకరత్నం అలాగే పెట్టింది. అర నిమిషంలో తిప్పికొట్టింది అల్లిక. 'మీ పోస్టులో స్ఫూర్తి లోపించినది. ఈ అనుభవము మీకు నేర్పిన పాఠములను కనీసము నూటయాభై పదములలో పంచుకొనుడు.'

"ఏం నేర్చుకున్నావు బాబాయ్?"

"నేర్చుకోటానికేటుందమ్మా. ఫేజు పోయినప్పుడు స్విచ్చి కట్టెయ్యాలి."

"అది ఒకటి. అయిదుండాలి. అయిదుంటేనే జనం చదువుతారు."

మిగతా నాలుగూ నూకరత్నమే సొంతంగా నేర్చుకుంది. ఆ సాయంత్రం అల్లికలో 'కాలిన మోటారు నాకు నేర్పిన అయిదు జీవిత పాఠాలు' అని ఒక పోస్టు వెలసింది. మనిషి కూడా మోటారులాంటివాడేననీ, లోపల తీగ తెగినా పైకి పచ్చరంగు కనిపిస్తుందనీ, ఓవర్‌లోడు వద్దనడం బలహీనత కాదు నాయకత్వమనీ అందులో ఉంది. కింద అబ్బులు ఫొటో. ఫొటోలో అతను తప్పిపోయిన మనిషిలా ఉన్నాడు. తెల్లారేసరికి నూట పద్నాలుగు భేష్‌లు, పందొమ్మిది ముళ్ళు వచ్చాయి. ముడి వేసినవాళ్ళలో వేరే జిల్లా మిఠాయి దుకాణదారుడొకడు, సంఖ్యా జాతకాలు చెప్పే ఆవిడ ఒకరు, గుర్రప్పందాల విశ్లేషకుడొకడు ఉన్నారు. మోటారున్నవాడు ఒక్కడూ లేడు.

నెల గడిచేసరికి ఊరు ఊరంతా పాఠాలు నేర్చుకోవడంలో పడింది. మంగలి సూరన్న 'కత్తెర నాకు నేర్పిన వినయం' రాస్తూ కూర్చుంటే ఊళ్ళో గడ్డాలు పెరిగాయి. వడ్రంగి ముత్యాలు ఒకే కుర్చీని పదకొండు కోణాల్లో ఫొటో తీసి పదకొండు పోస్టులు పెట్టాడు. ఆ కుర్చీ చేయించుకున్నాయన మాత్రం ఇంకా నిలబడే అన్నం తింటున్నాడు. టీ కొట్టు బల్లమీద పక్కపక్కన కూర్చున్నవాళ్ళు నోరు విప్పకుండా ఫోన్లలో ఒకరినొకరు అభినందించుకునేవారు. మాట్లాడితే అది ఎక్కడా నమోదు కాదు, వృథా.

మండలివారు జిల్లా కేంద్రంలో ఒక కల్యాణమండపం తీసుకుని 'సంబంధాల సంగమం' జరిపారు. హాజరు తప్పనిసరి. గుమ్మం దగ్గరే ఫ్లెక్సీ మీద సూచనలు రాసిపెట్టారు. సంగమం జరుగుతున్నంతసేపూ ముఖాముఖి పరిచయాలు నిషిద్ధం, సమస్త సంబంధాలూ అల్లిక ద్వారా మాత్రమే జరగవలెను. అబ్బులు పక్క కుర్చీలో కుట్టుమిషన్ల మెకానిక్కు వచ్చి కూర్చున్నాడు. ఇద్దరూ అయిదో క్లాసు దాకా ఒకే బెంచీ. ఒకర్నొకరు చూసి నవ్వబోయి, చుట్టూ తిరుగుతున్న పర్యవేక్షకుల్ని చూసి ఆగిపోయారు. కాసేపటికి అబ్బులు ఫోను మోగింది. 'గౌరవనీయులైన అబ్బులు గారికి, మీ వృత్తి ప్రస్థానం నన్నెంతో ఆకట్టుకున్నది. మీతో ముడిపడుటకు ఉవ్విళ్ళూరుచున్నాను.' అబ్బులు భేష్ నొక్కాడు. వాడి తల్లికి ఒంట్లో ఎలా ఉందో అడగాలనుకున్నాడుగానీ ఎక్కడ నొక్కితే అది అడగవచ్చో తెలియలేదు.

ముఖ్య అతిథి హర్షవర్ధన్ అనే అతను. ముప్పై ఏళ్ళుంటాయి. చొక్కా ఎంత తెల్లగా ఉందంటే ముందు వరసవాళ్ళు కళ్ళు చికిలించారు. రాష్ట్రంలో అందరికన్నా ఎక్కువ ముళ్ళు అతనివే, నలభై ఒక్క వేలు. పేరు కింద 'జల సంబంధాల శిల్పి, పంపింగ్ వ్యవస్థల కథకుడు' అని ఉంది. పంపింగ్ అన్న మాట చూసి అబ్బులుకి ప్రాణం లేచొచ్చింది. ప్రసంగం అయ్యాక నిషేధం సంగతి మరిచిపోయి అతని దగ్గరికి వెళ్ళాడు.

"బాబూ, తమరు ఏ మోటార్లు సేత్తారండి? నీట్లో మునిగేవా, పైన కూసునేవా?"

హర్షవర్ధన్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. "నేను మోటార్లతో పనిచేయనండీ. మోటారు వెనక ఏముందో దానితో పనిచేస్తాను."

"వెనకాల ఫ్యానుంటుందండి" అన్నాడు అబ్బులు.

హర్షవర్ధన్ ఆ మాటకి చాలాసేపు తలాడించి, సాయంత్రం తన సొంత మాటగా పోస్టు పెట్టుకున్నాడు. ఆరు వేల భేష్‌లు వచ్చాయి.

అబ్బులుకి కూడా ముళ్ళు పెరుగుతున్నాయి. రెండు వందలు దాటేసరికి, చెప్పకేం, అతనికి కూడా కొంచెం రుచి తగిలింది. పొద్దున్న లేవగానే ఫోను చూసుకునేవాడు. అన్నం తింటూ ఎవరో తెలియని మనిషికి ఉద్యోగ వార్షికోత్సవ శుభాకాంక్షలు చెప్పేవాడు. "ఎవరాయన?" అని తాయారు అడిగితే, "ఏమో, సిమెంటు ఇటికలాయన" అనేవాడు. నాలుగు వందలు దాటాక నూకరత్నం సాయం లేకుండా తనే రాయడం మొదలుపెట్టాడు.

ఆ రోజుల్లోనే తాయారుకి జ్వరం వచ్చింది. పెదపాడు రైతు సత్తిరాజు అయిదు హెచ్.పి. మోటారు తెచ్చి పడేశాడు, నారుమళ్ళు ఎండుతున్నాయని. కాయిళ్ళు అబ్బులే చుట్టడానికి కూర్చున్నాడు. నలభై ఒకటో చుట్టు దగ్గర ఫోను మోగింది. మిఠాయి దుకాణదారుడు అతని నాయకత్వ లక్షణాలకి అల్లికలో సాక్ష్యం ఇచ్చాడు. అబ్బులు ధన్యవాదాలు చెప్పి, మళ్ళీ తీగ పట్టుకుని, యాభై రెండు, యాభై మూడు అని లెక్క కొనసాగించాడు.

నాలుగో రోజున సత్తిరాజు అదే మోటారు మళ్ళీ తెచ్చాడు. నల్లగా మాడిపోయి ఉంది. సత్తిరాజు కోప్పడలేదు. "కరెంటు ఎచ్చుతగ్గులొచ్చినట్టున్నాయి అబ్బులూ. నీ సేతిదే కదా, ఇంకోసారి సూడు" అని షెడ్డు ముందు గట్టు మీద కూర్చున్నాడు.

అబ్బులు కాయిల్ విప్పి చుట్లు లెక్కపెట్టాడు. రెండోసారి లెక్కపెట్టాడు. పది తక్కువ. ఇరవై ఆరేళ్ళలో అతని చేతిలోంచి తప్పు మోటారు బయటికి పోవడం అదే మొదలు. అవతలివాడు తిట్టి ఉంటే ఎలాగో సర్దుకునేవాడు. కరెంటు మీదికి నెట్టేసి నమ్మకంగా కూర్చున్న మనిషిని చూస్తుంటే తల ఎత్తలేకపోయాడు.

"కరెంటుది కాదండి సత్తిరాజుగారూ, తప్పు నాది" అన్నాడు. ఆ రోజంతా కదలకుండా కూర్చుని మళ్ళీ చుట్టి, బిగించి, ఎడ్లబండి దాకా తనే మోసుకెళ్ళి ఎక్కించి వచ్చాడు. వచ్చి ఫోనులోంచి అల్లిక తీసేశాడు. అప్పటికి నాలుగు వందల అరవై మూడు ముళ్ళు.

"ఇంకో ముప్పై ఏడే కదా" అంది తాయారు మంచం మీంచి. "కార్డు రాకపోతే కరెంటు కట్ సేత్తారంట."

"సెయ్యనీ. లెక్క తప్పిందే తాయారూ."

ఆ మాట ఆ ఇంట్లో ఎంత బరువైనదో ఆవిడకి తెలుసు.

తొంభై ఒకటో రోజున లైన్‌మన్ వచ్చి, అబ్బులుకి ఎదురుపడలేక వెనకనించి నిచ్చెన వేసుకుని ఫ్యూజు పీకి పట్టుకుపోయాడు. అబ్బులు కిటికీ వెలుగులో చేత్తో చుట్టుకుని, పూర్తయిన మోటార్లు రైసుమిల్లుకి తీసుకెళ్ళి అక్కడ పరీక్ష చేసుకొచ్చేవాడు. పని రెండింతలైంది. రాబడి సగమైంది.

సరిగ్గా అప్పుడే ఊరి పంపుహౌసులో నలభై హెచ్.పి. మోటారు కాలిపోయింది. పద్నాలుగు వార్డులకీ అదే నీళ్ళు. మునిసిపల్ కమిషనర్ మైథిలి కంప్యూటర్ తెరిచింది. అప్పటికి కార్డున్నవాళ్ళలో మోటార్ల విభాగంలో ఉన్నది ఒక్కరే. వ్యవస్థ తనంతట తానే పని కేటాయించి, తనంతట తానే ఆవిడకి అభినందనలు పంపింది. 'మీ మోటారు హర్షవర్ధన్ గారితో విజయవంతంగా ముడిపడినది.'

హర్షవర్ధన్ మర్నాడు కారులో దిగాడు. పంపుహౌసంతా కలియతిరిగి, పంపు ఆపరేటర్ గవర్రాజుని పక్కకి పిలిచి మెల్లిగా అడిగాడు. "ఇందులో మోటారు ఏది?"

గవర్రాజు చూపించాడు. హర్షవర్ధన్ దాని మీద చెయ్యి వేసి ఫొటో తీయించుకున్నాడు. తరవాత గవర్రాజుని దానికి ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టాడు.

"మీరిద్దరూ చివరిసారి మనసు విప్పి మాట్లాడుకున్నది ఎప్పుడు?"

"ఎవరితోనండి?"

"దీనితో."

గవర్రాజుకి పద్దెనిమిదేళ్ళ సర్వీసు. అతను మోటారుకేసి, హర్షవర్ధన్ కేసి, గుమ్మంకేసి చూసి, "నాకు బీపీ ఉందండి" అన్నాడు.

ఆ సాయంత్రం 'ఆగిపోవడం కూడా ఒక ప్రయాణమే' అన్న పోస్టుకి పదకొండు వేల భేష్‌లు పడ్డాయి. ట్యాంకులో నీళ్ళు మాత్రం పడలేదు. రెండో రోజు హర్షవర్ధన్ ఆన్‌లైన్లో గోష్ఠి పెట్టాడు. నూట ఎనభై మంది వృత్తిదారులు పాల్గొని నీటి విలువ గురించి మాట్లాడారు. మూడో రోజు ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో మునిసిపల్ ఆఫీసు మెట్ల మీద కూర్చున్నారు. సర్కారాస్పత్రి ప్రసూతి వార్డు నర్సులు బకెట్లు పట్టుకుని వీధి చివర చేతిపంపు దగ్గర వరసలో నిలబడ్డారు. ఆ ముందురోజు పుట్టిన పసిగుడ్డుకి స్నానం కూడా లేదని ఒక ముసలమ్మ వచ్చి కమిషనర్ టేబుల్ పట్టుకుని ఏడ్చింది.

మైథిలి లేచి, జీపు కూడా ఎక్కకుండా నడుచుకుంటూ సంత రోడ్డుకి వచ్చింది. అబ్బులు షెడ్డు ముందు ఆగి, మొహం ఎరువుల కొట్టు వైపు తిప్పి నిలబడింది.

"అబ్బులుగారూ, నేను మిమ్మల్ని పిలవడానికి రాలేదు. పిలిస్తే నా మీద చర్య తీసుకుంటారు" అంది.

"ఆయ్. నాకు కార్డు లేదండి" అన్నాడు అబ్బులు.

"తెలుసు. నేనిలా గాలికి నడుస్తున్నాను. నడుస్తూ నడుస్తూ నాలో నేను అనుకుంటున్నాను, పంపుహౌసు తాళం ఇవాళ ఎందుకో వెయ్యలేదని. అంతే. ఆస్పత్రిలో పసిపిల్లలున్నారని కూడా అనుకుంటున్నాను."

ఆవిడ వచ్చిన దారినే వెళ్ళిపోయింది. అబ్బులు తాయారుకేసి చూశాడు. తాయారు అప్పటికే రాగితీగ చుట్ట నెత్తిన పెట్టుకుని చెప్పులు వెతుక్కుంటోంది.

రెండు రోజులు పట్టింది. పాత తీగ పీకి, తీగ కూర్చునే గాళ్ళు గీకి, వాటిలో కాగితం వేసి, కాయిళ్ళు చుట్టి, వార్నీషు పోసి ఆరబెట్టారు. తాయారు లెక్కపెడుతున్నంతసేపూ గవర్రాజు గుమ్మంలో కర్ర పట్టుకుని నిలబడి కాకుల్ని కూడా అరవనివ్వలేదు. మూడో రోజు పొద్దున్న స్విచ్చి వేసేసరికి మోటారు ఒక్కసారి గుర్రుమని అందుకుంది. పది నిమిషాలకి ఒకటో వార్డు కుళాయి దగ్గర కేకలు వినిపించాయి. తాయారు చేతులు కడుక్కోవడానికి కుళాయి తిప్పి, నీళ్ళు వస్తుంటే అలా పట్టుకునే కాసేపు నిలబడిపోయింది.

వారం తిరక్కుండా అబ్బులుకి విచారణ నోటీసు వచ్చింది. 'సంబంధము లేని వ్యక్తి సర్కారు మోటారుతో అక్రమ సంపర్కము పెట్టుకొన్నందున' అన్నది అభియోగం. కమిషనర్‌ని కూడా సాక్షిగా పిలిచారు. నిరంజనరావు ముందు ఫైలు లావుగా ఉంది.

"మిమ్మల్ని ఎవరు పిలిచారు?"

"ఎవరూ పిలవలేదండి. తాళం ఏసి లేదు."

"సరే." నిరంజనరావు గొంతు సవరించుకున్నారు. "మండలి అభిప్రాయం వినండి. మీరు చేసిన పని నిబంధనల ప్రకారం జరగలేదు. నిబంధనల ప్రకారం జరగనిది జరగనట్టే లెక్క. కనక ఆ మోటారు ఇంకా కాలిపోయే ఉంది. కాలిపోయి ఉన్న మోటారు రోజుకి ఎనిమిది గంటలు నీళ్ళు ఎత్తుతోంది. ఇది వ్యవస్థకు ఎంత ఇబ్బందికరమో మీరు గ్రహించాలి."

"నన్నేం సెయ్యమంటారండి?"

"దాన్ని పూర్వస్థితికి తేవాలి."

"అంటే కాల్చెయ్యమంటారాండి?"

"ఆ పదం ఫైల్లోకి రాకూడదు. పూర్వస్థితి అనండి. తరవాత అర్హత ఉన్నవారు దాన్ని యథావిధిగా బాగుచేస్తారు."

అబ్బులు కాసేపు ఆలోచించాడు. ఎగతాళి అతనికి చేతకాదు. నిజంగానే ఆలోచించాడు. "ఎంతమట్టుకు కాల్చమంటారండి? అప్పుడు మూడు తీగ గుత్తుల్లో రెండే మాడేయండి. మూడోది నిగనిగలాడతానే ఉంది. ఇప్పుడు మూడూ మాడిపోయేయనుకోండి, పూర్వస్థితి కాకుండా పోద్ది."

నిరంజనరావు కాగితాలు తిరగేశారు. ఆ సంగతి ఎక్కడా లేదు. "యథాతథంగా ఉండాలి" అన్నారు చివరికి.

అప్పుడు తాయారు వెనక బెంచీ మీంచి లేచింది. "అయ్యా, నాకొక అనుమానమండి. బాగుసెయ్యటానికి కార్డు కావాలంటున్నారు కదా. మరి పాడుసెయ్యటానికి అక్కర్లేదాండి?"

నిరంజనరావు జీవో తెరిచి తొమ్మిదో క్లాజు చదివారు. సర్కారు యంత్రముపై చేయి వేసెడి ఏ పనికైనను అయిదు వందల ముళ్ళు తప్పనిసరి. ఆయన దాన్ని పైకీ చదివారు, లోపలా చదువుకున్నారు. అబ్బులుకి ముప్పై ఏడు తక్కువ. అతను కాల్చడానికి అర్హుడు కాడు.

వెంటనే హర్షవర్ధన్‌కి ఫోను చేశారు. విధ్వంసం తన వ్యక్తిత్వానికి సరిపడదని అతను సున్నితంగా చెప్పాడు. ఒకవేళ తప్పదంటే, ఆ గదిలో మోటారు ఏదో ఎవరైనా మళ్ళీ ఒకసారి చూపించాలన్నాడు.

ఫైలు 'పరిశీలనలో ఉన్నది' అని కట్టేశారు. కొత్తగంగవరం పంపుహౌసు మోటారు సర్కారు లెక్కలో కాలిపోయే ఉంది. అయితే హర్షవర్ధన్‌కి కేటాయించిన గడువులోనే నీళ్ళు వచ్చినట్టు ప్రజలనించి సమాచారం అందడంతో, ఆ ఏటి ఉత్తమ సంబంధ పురస్కారం అతనికి ప్రకటించారు.

ఇదంతా శ్రద్ధగా విన్న మైథిలి ఆఫీసుకి తిరిగొచ్చి ఒక ఉత్తర్వు టైపు చేయించింది. పంపుహౌసులో కాలిపోయిన మోటారు ఒకటి నిరుపయోగంగా పడి ఉన్నందున, దొంగల బారిన పడకుండా దానికొక కాపలాదారు కావాలి. కాపలాదారుకి ముళ్ళు ఉండాలని జీవోలో ఎక్కడా లేదు. కాపలాదారు గదికి కరెంటు మునిసిపాలిటీదే. గదిలో ఖాళీ సమయంలో అతనేం చేసుకుంటాడో అడగడానికి ఎవరికీ అధికారం లేదు.

అబ్బులు, తాయారు సామానంతా అక్కడికి చేర్చుకున్నారు. రైతులు దారి కనుక్కుని అక్కడికే రావడం మొదలుపెట్టారు. గోడ అవతల కాలిపోయిన మోటారు రోజూ హాయిగా నడుస్తుంటే, గోడ ఇవతల అబ్బులు దానికి కాపలా కాస్తూ మిగతా మోటార్లు చూసుకునేవాడు. తీసుకున్న వాటి మీద ఎవరిది ఏదో కలిసిపోకుండా సుద్దముక్కతో పేర్లు రాసి వరసగా పెట్టేవాడు.

ఒక ఆదివారం పదకొండు గంటల వేళ స్కూటర్ మీద ఒకాయన వచ్చాడు. హెల్మెట్ తియ్యలేదు. వెనక సీటుకి దుప్పటి చుట్టిన మోటారొకటి కట్టి ఉంది. అటూ ఇటూ చూసి లోపలికి వచ్చి, హెల్మెట్ అద్దం మాత్రం పైకెత్తాడు. నిరంజనరావు.

"మీకూ నాకూ అల్లికలో ముడి లేదు కదా?" అన్నారాయన గొంతు తగ్గించి.

"లేదండి."

"మంచిది. మనిద్దరికీ ఏ సంబంధమూ లేదు. కార్డు ఉన్నవాళ్ళని ముగ్గుర్ని పిలిచాను. ముగ్గురూ శుభాకాంక్షలు చెప్పి వెళ్ళారు. ఇంట్లో నాలుగు రోజులనించి చేదతోనే తోడుకుంటున్నాం." ఆయన దుప్పటి విప్పారు. మాడు వాసన గదంతా నిండింది.

అబ్బులు మోటారు దింపి బల్ల మీద పెట్టి సుద్దముక్క తీశాడు. "ఏం రాయమంటారండి?"

"నా పేరు వద్దు. శాఖ పేరు కూడా వద్దు." నిరంజనరావు చాలాసేపు ఆలోచించారు. ఎక్కడ రాసినా తనకి ఇబ్బంది రాని మాట ఒకటి వెతుక్కుని, చివరికి ధైర్యం తెచ్చుకున్నారు. "ఇది కాలలేదు, అని రాయండి."

అబ్బులు గుండ్రటి అక్షరాలతో అలాగే రాసి, దాన్ని కాలినవాటి వరసలో చివరన పెట్టాడు.

"ఎల్లుండి రండి" అన్నాడు.